చిన్న జాతి కుక్కపిల్లకు మాట వినడం నేర్పే దారులు: మీ ఇంటికి ఏది నప్పుతుంది?

మా చిట్టి ఇంటికి వచ్చిన రోజు కిలోన్నర బరువు కూడా లేదు. తెల్లని స్పిట్జ్ పిల్ల. మన ఊళ్లలో పమేరియన్ అని అందరూ పిలిచేది ఎక్కువగా ఈ జాతినే. తిరుపతి బాలాజీ కాలనీలోని మా అపార్ట్‌మెంటుకు దాన్ని చూడటానికి వచ్చినవారిలో సగం మంది ఒకే మాట అన్నారు: "ఇంత చిన్నదానికి శిక్షణ ఎందుకండీ? ముద్దు చేసుకోవడానికే కదా!" ఆ మాట నాకు ఇప్పటికీ మింగుడుపడదు. లాబ్రడార్ పిల్ల మీదికి ఎగబడితే ఇంటిల్లిపాదీ కంగారుపడి దానికి బుద్ధులు నేర్పే పనిలో పడతారు. అదే పని పగ్ చేస్తే నవ్వుకుంటూ ఎత్తుకుంటారు. చిన్న కుక్కలు మొండివనీ, ఊరికే అరుస్తాయనీ పేరు పడిందంటే కారణం ఇదే. నిజానికి మాట వినే అలవాటు చిన్నదానికే ఎక్కువ అవసరం. సందులో వెనక్కి వస్తున్న కారు నడిపే మనిషికి అద్దంలో జానెడు ఎత్తు పిల్ల కనిపించదు. దాన్ని కాపాడేది మన పిలుపే.

నేర్పాల్సినవి చాలా ఏమీ లేవు. కూర్చోవడం, పడుకోవడం, ఉన్నచోటే ఉండటం, పిలిస్తే రావడం, నోట్లోది వదలడం. ఈ ఐదు వస్తే ఇల్లు ప్రశాంతంగా ఉంటుంది. ఎవరు నేర్పాలి, ఎలా, ఏ మాటతో, ఏం పెట్టి అన్న దగ్గరే ఇళ్లలో తర్జనభర్జన మొదలవుతుంది. ఒక్కొక్క దారినీ నేను చూసినంతలో పోల్చి చెబుతాను.

ఎవరు నేర్పాలి?

మూడు దారులు ఉన్నాయి. మనమే ఇంట్లో నేర్పుకోవడం, శిక్షకుణ్ని ఇంటికి పిలిపించుకోవడం, నెలో రెండు నెలలో కుక్కపిల్లను శిక్షణ కేంద్రంలో వదిలి రావడం.

ముందుగా ఒక లెక్క చూడాలి. కుక్కపిల్ల కొత్త మనుషులను, శబ్దాలను, నేలలను భయం లేకుండా స్వీకరించే వయసు సుమారు 3వ వారం నుంచి 14వ వారం వరకు. టీకాల వరుస 6 నుంచి 8 వారాల వయసులో మొదలై దాదాపు 16వ వారానికి పూర్తవుతుంది. అంటే టీకాలన్నీ అయ్యాక నేర్పుదాం అని కూర్చుంటే ఆ మంచి వయసు చేజారిపోతుంది. అలాగని టీకాలు పూర్తికాని పిల్లను పది కుక్కలు తిరిగిన మట్టిలో వదిలితే పార్వో జబ్బు సోకవచ్చు. ఆ వైరస్ మట్టిలో నెలల తరబడి బతికి ఉంటుంది. చిన్న జాతి పిల్లకు రెండు రోజుల వాంతులు, విరేచనాలు చాలు ప్రాణం మీదికి రావడానికి.

ఈ లెక్క ఒక్కటే మూడో దారిని నా దృష్టిలో పక్కన పెట్టించింది. ఇంకో కారణం కూడా ఉంది. మాకు తెలిసిన ఒక కుటుంబం నాలుగు నెలల షిట్జు జాతి పిల్లను నెల రోజులు ఒకచోట వదిలి తెచ్చుకుంది. కూర్చోమంటే కూర్చునేది. కానీ చెవులు వెనక్కి అణచుకుని, పెదవులు నాక్కుంటూ కూర్చునేది. చేతిలో చీపురు కనిపిస్తే సోఫా కిందికి దూరేది. అక్కడ ఏం జరిగిందో ఎవరూ చెప్పకుండానే మాకు అర్థమైంది. దెబ్బలు లేని మంచి కేంద్రమే దొరికిందనుకున్నా, కుక్క ఒకచోట నేర్చింది మరోచోట తనంతట తాను అన్వయించుకోలేదు. అక్కడి ఆవరణలో, అక్కడి మనిషి గొంతుకు అలవాటైన పిల్లకు మన ఇంటి హాల్లో, మన గొంతుతో మళ్లీ మొదటి నుంచి చెప్పాల్సిందే. పెద్ద మొత్తం కట్టి కూడా ఆ పని తప్పనప్పుడు, మొదటే మనం చేసుకోవడం మేలు.

శిక్షకుడు ఇంటికి రావడం బాగానే పనిచేస్తుంది, అయితే ఒక షరతు మీద. ఆయన నేర్పాల్సింది ముఖ్యంగా మనకు, ఆ తర్వాతే కుక్కకు. మనల్ని పక్కన కూర్చోబెట్టి తానొక్కడే గంటసేపు చేయించి వెళ్లిపోతే ఆ గంట వృథా. పైగా కొందరు శిక్షకులు జర్మన్ షెపర్డ్, రాట్‌వీలర్ వంటి పెద్ద జాతుల మీద చేయి తిరిగినవారు. అదే పట్టు, అదే గొలుసు విసురు రెండు కిలోల పిల్ల మీద చూపితే మెడ ఏమవుతుందో ఊహించండి. అందుకే బేరం మాట్లాడే ముందు ఒక్క ప్రశ్న వేయండి: "ఇది చెప్పినట్టు చేయకపోతే మీరేం చేస్తారు?" దూరం తగ్గిస్తాను, పని సులువు చేస్తాను, కాసేపు ఆపుతాను అంటే రమ్మనండి. గుంజుతాను, గట్టిగా ఒకటి వేస్తాను, ఆకలితో ఉంచుతాను అంటే నమస్కారం పెట్టి పంపేయండి. చివరిది మరీ ప్రమాదం. అతి చిన్న జాతుల పిల్లలు కొన్ని గంటలు కడుపు మాడితే రక్తంలో చక్కెర పడిపోయి వణుకుతాయి, తూలతాయి, స్పృహ కూడా తప్పుతాయి. అలా కనిపిస్తే చిగుళ్లకు కాస్త తేనె రాసి వెంటనే వైద్యుడి దగ్గరకు పరుగెత్తాలి.

ఇంట్లో రోజుకు పది నిమిషాలు కేటాయించగల మనిషి ఒక్కరున్నా మొదటి దారే నా ఎంపిక. ఆ పది నిమిషాలూ ఒకేసారి కాదు. రెండేసి నిమిషాలు, ఐదు సార్లు. అంతకు మించితే పిల్ల ఆవులిస్తుంది, నేల వాసన చూస్తూ పోతుంది. అరవడం, కరవడం శ్రుతి మించితేనో, మనకు ధైర్యం చాలకపోతేనో రెండో దారి పట్టండి. ఆరోగ్యం, టీకాల సంగతికి మాత్రం మన ఊరివాళ్లకు లోటు లేదు. 1955లో మొదలైన పశువైద్య కళాశాల ఇక్కడే ఉంది. మొదటి టీకా నాడే శిక్షణ గురించి కూడా వైద్యుణ్ని అడిగేయండి.

చూపి నేర్పడమా, చేసిన క్షణాన్ని పట్టుకుని నేర్పడమా, నొక్కి నేర్పడమా?

మన ఇళ్లలో ఎక్కువగా కనిపించేది మూడోదే. నడుము మీద చేయి వేసి నొక్కి "కూర్చో, కూర్చో" అంటారు. చిన్న జాతుల విషయంలో దీన్ని పూర్తిగా మానేయండి. ఈ పిల్లల్లో మోకాలి చిప్ప జారే సమస్య తరచుగా ఉంటుంది. డాష్‌హండ్ అయితే పొడవాటి వెన్నెముకే దాని బలహీనత. పైగా నొక్కినప్పుడు కుక్క సహజంగా ఎదురు బలం పెడుతుంది. అప్పుడు అది నేర్చుకునేది చేతిని తప్పించుకోవడమే.

తినే ముక్క చూపి నేర్పడం మొదటి వారానికి అన్నిటికంటే తేలిక. ముక్కను ముక్కు దగ్గర పెట్టి, మెల్లగా తల మీదుగా వెనక్కి తీసుకెళ్తే తల పైకి లేస్తుంది, వెనుక భాగం దానంతటదే నేలకు తగులుతుంది. ఇక్కడే చిన్న జాతితో ఒక తేడా వస్తుంది. పెద్ద పిల్లకు చూపినంత ఎత్తులో చూపితే ఇది వెనక కాళ్ల మీద లేచి గెంతుతుంది. ముక్కుకు వేలెడు ఎత్తు దాటకూడదు. మీరు కూడా కింద కూర్చోవాలి. నిలబడి దాని మీదికి వంగితే ఏడుకొండలూ ఒక్కసారిగా మీదికి ఒరిగినట్టు ఉంటుంది ఆ పిల్లకు. మా చిట్టి మొదటి రెండు రోజులు వెనక్కి వెనక్కి జరిగింది మొండితనంతో అనుకున్నాను. నేను చాప మీద బాసింపట్టు వేసి కూర్చున్న మరుక్షణం దగ్గరకు వచ్చింది.

పడుకోబెట్టడం దీనికంటే కష్టం. ఈ పిల్లల పొట్ట ముందే నేలకు దగ్గరగా ఉంటుంది కాబట్టి, ముక్క నేల మీదికి దించితే పడుకోకుండా తల మాత్రం వంచి అందుకుంటాయి. దీనికి నాకు పనిచేసిన ఉపాయం: నేల మీద కూర్చుని ఒక మోకాలు కొద్దిగా పైకి మడిచి, ఆ సందులోంచి ముక్కను అటువైపుకు లాగాలి. దాని కింద దూరాలంటే పిల్ల పొట్ట ఆనించి పాకాల్సిందే. మోచేతులు నేలకు తాకిన క్షణమే ముక్క ఇచ్చేయాలి. నున్నటి టైల్స్ మీద కాళ్లు జారి భయపడుతుంది కాబట్టి చాప గానీ పాత దుప్పటి గానీ పరవండి.

ఈ పద్ధతికి ఉన్న చిక్కు ఒకటే. చేతిలో ముక్క ఉంటేనే మాట వినే కుక్క తయారవుతుంది. అలా కాకుండా ఉండాలంటే ఐదారు సార్లు అయ్యాక ఖాళీ చేత్తో అదే సైగ చేయండి. అది కూర్చున్నాక రెండో చేతి నుంచి ముక్క ఇవ్వండి. చాలామంది ఈ మెట్టు దాటరు. నెలల తర్వాత "బిస్కెట్ చూపిస్తే తప్ప వినదు" అని బాధపడతారు.

ఇక రెండోది, నాకు మనసుకు దగ్గరైనది: అది తనంతట తాను చేసినప్పుడు ఆ క్షణాన్ని పట్టుకుని మెచ్చుకోవడం. పిల్ల రోజులో ఎన్నోసార్లు కూర్చుంటుంది, పడుకుంటుంది. ఆ క్షణంలో "భలే!" అని ఒక్క మాట అని ముక్క ఇవ్వండి. రెండు మూడు రోజుల్లో మీ ముందుకు వచ్చి కావాలనే కూర్చోవడం మొదలుపెడుతుంది. అప్పుడు ఆ పనికి పేరు పెట్టండి. టిక్కుమని శబ్దం చేసే క్లిక్కర్‌తో చేసేది కూడా ఇదే. క్లిక్కర్ శబ్దం ఎప్పుడూ ఒకేలా ఉండటం దాని గొప్ప. కానీ కొన్ని చిన్న పిల్లలు దానికి ఉలిక్కిపడతాయి, మనకేమో ముక్క, బెల్టు, క్లిక్కర్ పట్టుకోవడానికి చేతులు చాలవు. "భలే" ఎక్కడికి పోయినా నోట్లోనే ఉంటుంది. ఒకే స్వరంలో అనాలి, అన్న ప్రతిసారీ వెంటనే ముక్క ఇవ్వాలి. అంతే నియమం.

తిండి మీద ఆశ ఉన్న పగ్ వంటి పిల్లకు ముక్క చూపి మొదలుపెట్టండి. బెరుకుగా ఉండే, చేయి చాస్తే వెనక్కి పోయే పిల్లకు ఆ క్షణాన్ని పట్టుకుని మెచ్చుకునే దారి మంచిది. అరుపు మాన్పించడానికీ ఈ దారే మేలు. స్పిట్జ్ అరుస్తున్నప్పుడు మనం కేకలు వేస్తే, ఇంట్లోవాళ్లూ తనతో కలిసి అరుస్తున్నారనే అనుకుంటుంది. అరుపు ఆగిన ఆ రెండు క్షణాల నిశ్శబ్దాన్ని "భలే" అని పట్టుకోవాలి.

తెలుగులోనా, ఇంగ్లిషులోనా?

దీని మీద మా ఇంట్లో వారం రోజులు చర్చ జరిగింది. మా పాప "సిట్" అనేది, మా అత్తగారు "కూర్చో తల్లీ" అనేవారు, నేను పూటకొకటి. పాపం, చిట్టి ముగ్గురి ముఖాలూ మార్చి మార్చి చూసేది.

కుక్కకు ఏ భాష అయినా ఒకటే. చూడాల్సినవి వేరే ఉన్నాయి. మొదటిది, ఆ మాట పేరుతో కలవకూడదు. చిట్టికి "సిట్" అంటే తన పేరే పిలిచినట్టు వినిపించి, కూర్చోవాల్సింది పోయి పరుగెత్తుకొచ్చేది. మీ పిల్ల పేరు సోనూ అయితే "నో" విషయంలోనూ ఇదే ఇబ్బంది. రెండోది, ఆ మాట ఇంట్లో రోజంతా ఊరికే వినిపించేది కాకూడదు. "రా" సంగతి చూడండి. ఏరా, రారా, చూడరా అని పిల్లలను రోజుకు వందసార్లు అంటూనే ఉంటాం. కొన్నాళ్లకు ఆ శబ్దం కుక్క చెవికి ఫ్యాన్ చప్పుడు లాంటిదైపోతుంది. పిలుపుకు మేం ఎంచుకున్నది మన వైపు మాట "దా". పొట్టిది, గట్టిగా పలుకుతుంది, దూరానికి వినిపిస్తుంది.

మూడోది, ఒక మాట ఒక పనికే. చాలా ఇళ్లలో పడుకోవడానికీ "డౌన్", సోఫా దిగడానికీ "డౌన్". రెండో దానికి పిల్ల సోఫా మీదే పడుకుంటే తప్పు దానిదా? పడుకోవడానికి "పడుకో", దిగడానికి "దిగు" అన్నాం, గందరగోళం పోయింది. "ఉండు", "వదిలేయ్" కూడా చక్కగా కుదిరాయి. "కూర్చో" అనే మాట వచ్చిన చుట్టాలతోనూ అంటాం కాబట్టి, ముందు పేరు పిలిచి, చేతి సైగ కలిపి చెబుతాం.

ఇంట్లో పెద్దవాళ్లు ఉంటే తెలుగు మాటలే ఎంచుకోండి. వాళ్లకు నోరు తిరగని మాట పెడితే వాళ్లు వేరే మాట వాడతారు, మీ శ్రమ నీరుగారుతుంది. పిల్లలే ఎక్కువ సమయం కుక్కతో గడిపే ఇంట్లో ఇంగ్లిషు మాటలైనా నష్టం లేదు. మాటలు ఖరారయ్యాక కాగితం మీద రాసి ఫ్రిజ్ మీద అంటించండి. పనిమనిషికి కూడా చెప్పండి. మా ఇంట్లో చిట్టికి సైగలు అందరికంటే కచ్చితంగా చేసేది ఆవిడే. కుక్కలు మాట కంటే చేతి సైగను త్వరగా పట్టుకుంటాయి. సైగ మీ నడుము దగ్గర కాకుండా దాని కళ్లకు కనిపించే ఎత్తులో ఉండాలి.

ఏం పెట్టాలి?

ముక్క పెసరగింజంత ఉంటే చాలు. రెండు కిలోల పిల్లకు మన చిటికెన వేలి గోరంత ముక్క కూడా పెద్దదే. రోజు మొత్తం తిండిలో ఈ చిరుతిళ్లు పదో వంతు మించకూడదు. ఉప్పు, కారం లేకుండా ఉడికించిన కోడి మాంసం అన్నిటికంటే బాగా పనిచేస్తుంది. మాంసం వండని ఇళ్లలో పనీర్, ఉడికించిన క్యారెట్, ఉప్పు లేని బొరుగులు వాడండి. బొరుగులు చప్పగా ఉంటాయి కాబట్టి ఇంట్లో తేలిక పనులకు అవి, గేటు దగ్గర కష్టమైన పనులకు పనీర్ అని నేను విడదీసుకున్నాను. మామూలుగా తినే గింజల తిండిలోంచి గుప్పెడు పక్కన పెట్టుకున్నా సరిపోతుంది. నాలుగో నెల నుంచి పాలపళ్లు రాలుతుంటాయి, అప్పుడు గట్టి బిస్కెట్లు నొప్పి పుట్టిస్తాయి.

మన ఊళ్లో దీన్ని ప్రత్యేకంగా చెప్పాలి. కొండ మీది నుంచి ఎవరొచ్చినా లడ్డూ తెస్తారు, ఒక చిన్న ముక్క కుక్కపిల్లకూ పెట్టాలనిపిస్తుంది. ప్రసాదం పంచుకోవాలనే మనసు మంచిదే, కానీ దయచేసి పెట్టకండి. లడ్డూలో ఎండుద్రాక్ష ఉంటుంది. ద్రాక్ష, ఎండుద్రాక్ష కుక్కల మూత్రపిండాలను పాడుచేస్తాయి. ఎన్ని తింటే ముప్పు అనేది ఒక్కో కుక్కకు ఒక్కోలా ఉంటుంది, అందుకే ఒక్కటి కూడా వద్దు. పొరపాటున తింటే లక్షణాల కోసం ఎదురుచూడకుండా వైద్యుడికి చూపించండి. చాక్లెట్, ఉల్లి, వెల్లుల్లి పడిన కూర ముక్కలు కూడా అంతే. "వదిలేయ్" అనే మాటకు నేను అంత విలువ ఇవ్వడానికి కారణం ఇదే. దాన్ని నేర్పడానికి మూసిన పిడికిట్లో బొరుగులు పెట్టి వాసన చూపండి. నాకుతుంది, గీకుతుంది. విసుగొచ్చి ముక్కు వెనక్కి తీసుకోగానే "భలే" అని రెండో చేతి నుంచి పనీర్ ఇవ్వండి. వదిలితే అంతకంటే మంచిది దొరుకుతుందని దానికి తెలియాలి.

బెల్టు, వేళ

మెడ బెల్టా, ఛాతీకి వేసే హార్నెసా అంటే చిన్న జాతులకు సందేహం లేకుండా హార్నెస్. పమేరియన్, చివావా, యార్క్‌షైర్ టెర్రియర్ వంటి వాటికి శ్వాసనాళం అణిగిపోయే జబ్బు వచ్చే అవకాశం ఎక్కువ. మెడ మీద గుంజుడు దాన్ని ఇంకా పెంచుతుంది. మెడకు పేరు, ఫోను నంబరు ఉన్న బిళ్ల వేలాడదీసే తేలికపాటి పట్టీ ఉంచి, తాడు మాత్రం ఛాతీకే కట్టండి.

వేసవిలో ఇక్కడ 40 డిగ్రీలు దాటడం మామూలే. ఉదయం ఏడులోపు, సాయంత్రం ఏడు తర్వాత మాత్రమే బయట నేర్పండి. అరచేతి వెనుక భాగాన్ని ఏడు సెకన్లు రోడ్డు మీద ఆనించలేకపోతే ఆ రోడ్డు మీద పిల్లను నడిపించకూడదు. పగ్, షిట్జు వంటి చదును ముఖాల పిల్లలు వేడికి త్వరగా రొప్పుతాయి, వాటికి వేసవంతా ఇంట్లోనే పాఠం. మే నెలలో గంగమ్మ జాతర డప్పులు మోగే వేళ ఏ కొత్త మాటా మొదలుపెట్టకండి. అంతకు నెల ముందు నుంచే ఫోనులో డప్పుల శబ్దం చాలా తక్కువగా వినిపిస్తూ తిండి పెడితే, ఆ రోజుల్లో మంచం కింద దాక్కునే బాధ కొంత తగ్గుతుంది.

పిలిస్తే రావడం

దీన్ని చివరకు ఉంచాను, ఎందుకంటే అన్నిటికంటే ఎక్కువ కాలం పట్టేది ఇదే. "దా" అన్నాక స్నానం చేయించడం, మందు మింగించడం, ఆట ఆపి తాడు కట్టేయడం ఎప్పుడూ చేయకండి. ఆ పనులకు మీరే వెళ్లి ఎత్తుకోండి. ఎంత ఆలస్యంగా వచ్చినా తిట్టకండి. వచ్చినందుకు తిట్టారనే దానికి గుర్తుంటుంది. ఇద్దరు మనుషులు గదికి ఆ చివర, ఈ చివర కూర్చుని మార్చి మార్చి పిలవడం మంచి ఆట. గదిలో పది రోజులు, వరండాలో పది రోజులు, తర్వాత పొడవాటి తాడు కట్టి మేడ కింద.

మా చిట్టి ఐదో నెలలో ఒకసారి గేటు సందులోంచి రోడ్డు మీదికి జారుకుంది. అటువైపు ఒక వీధి కుక్క, ఇటువైపు నుంచి ఆటో. నా కాళ్లు దాని వెంట పరుగెత్తబోయాయి. వెంటపడితే అది ఆట అనుకుని ఇంకా దూరం పోతుందని గుర్తొచ్చి, వీపు తిప్పి, ఇంటివైపు నాలుగడుగులు పరుగెత్తి, గేటు దగ్గర నేల మీద కూర్చుని "చిట్టీ, దా!" అన్నాను. గొంతు వణికింది, అయినా నవ్వుతూనే అన్నాను. చిన్న చిన్న కాళ్లు టపటపలాడిస్తూ వచ్చి ఒళ్లో పడింది. ఆ రోజు నా దగ్గర ముక్క ఏదీ లేదు. ఇంట్లోకి ఎత్తుకెళ్లి డబ్బాలో ఉన్న పనీర్ అంతా కొంచెం కొంచెంగా తినిపించాను.